విటమిన్ డి 11, నాన్నకు ఆస్తమా: పెద్దయ్యాక తిరిగొచ్చిన ఎగ్జిమాలో దేని పాత్ర ఎంత?

ప్రశ్న పెద్దది కాబట్టి ముందు కుదించి రాస్తున్నాను. మీకు 31 ఏళ్లు. చిన్నప్పుడు మోచేతి మడతల్లో, మోకాళ్ల వెనుక ఎగ్జిమా ఉండేది. పదో తరగతికి వచ్చేసరికి దానంతటదే తగ్గింది. హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరాక మెడ, కనురెప్పలు, చేతుల మీద మళ్లీ మొదలైంది. నాన్నగారికి ఆస్తమా. రక్తపరీక్షలో విటమిన్ డి 11 నానోగ్రాములు వచ్చింది. ఒకరు "అసలు కారణం అదే, డి పెంచుకుంటే పోతుంది" అన్నారు. ఇంకొకరు "ఇది జీన్స్‌లో ఉంది, ఏం చేసినా పోదు" అన్నారు. వచ్చే ఏడాది పిల్లల గురించి ఆలోచిస్తున్నారు కాబట్టి బిడ్డకూ వస్తుందేమోనని టెన్షన్.

చర్మవైద్యంలో చాలా ఏళ్లుగా ఉన్నాను. ఈ రెండు మాటలూ నా దగ్గరికి వచ్చేవాళ్ల నోట తరచూ వింటుంటాను. రెంటిలోనూ కొంత నిజం ఉంది గానీ, మీకు పనికొచ్చేలా లేదు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. 11 అంటే తక్కువే, సరిచేసుకోవాల్సిందే. ఆ పని ఎముకల కోసం, కండరాల కోసం, రాబోయే గర్భం కోసం చేయండి. దానివల్ల దురద కూడా కాస్త తగ్గితే సంతోషమే. ఎగ్జిమా కోసం పెట్టే శ్రద్ధ మాత్రం వేరే చోట పెట్టాలి. ఎందుకో వివరంగా రాస్తాను.

ముందు జన్యువులు. డెన్మార్క్‌లో కవలల మీద జరిగిన అధ్యయనాల్లో, అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉండే కవలల్లో ఒకరికి ఎగ్జిమా ఉంటే రెండోవారికీ ఉండటం 70 శాతం పైనే కనిపించింది. మామూలు కవలల్లో అది 20 శాతం చిల్లర. రెండు జంటలూ ఒకే ఇంట్లో, ఒకే తిండి తిని పెరిగినవే కాబట్టి ఈ తేడా చాలావరకు జన్యువులదే. అలాగని 70 అంటే 100 కాదు. జన్యువులన్నీ ఒకటే అయినా నలుగురిలో ఒకరికి రాలేదన్నమాట. "జీన్స్‌లో ఉంది, ఏం చేసినా పోదు" అనే మాట ఇక్కడే వీగిపోతుంది. మీ విషయమే చూడండి. పదో తరగతి నుంచి ఉద్యోగం దాకా అవే జన్యువులతో శుభ్రమైన చర్మంతో ఉన్నారు కదా.

ఇందులో అందరికంటే పేరున్న జన్యువు ఫిలాగ్రిన్. ఒకటో క్రోమోజోమ్ మీద ఉంటుంది. 2006లో స్కాట్లాండ్‌లోని డండీ విశ్వవిద్యాలయంలో ఇర్విన్ మెక్లీన్ బృందం, దానిలో వచ్చే రెండు మార్పులు ఎగ్జిమా ముప్పును గట్టిగా పెంచుతాయని చూపించింది. అప్పటిదాకా ఎగ్జిమా అంటే రోగనిరోధక వ్యవస్థ అతిగా స్పందించడం, చర్మం దెబ్బతినడం దాని ఫలితం అనే చాలామంది అనుకునేవాళ్లు. చర్మం పైపొరలోని లోపమే ముందు, మంట (చర్మం ఎర్రబడి వాచడం) తర్వాత అన్న ఆలోచన ఆ పరిశోధనతో బలపడింది.

ఆ జన్యువు తయారుచేసే ప్రోటీన్ పేరు కూడా ఫిలాగ్రినే. అది చేసే పని రెండు రకాలు. మొదట అది పైపొర కణాలను బిగించి, పలకల్లా చదునుగా చేస్తుంది. తర్వాత తానే విడిపోయి చిన్న చిన్న పదార్థాలుగా మారుతుంది. నీటిని పట్టి ఉంచేవీ, చర్మాన్ని కాస్త ఆమ్లంగా ఉంచేవీ అవే. ఈ ప్రోటీన్ తగ్గితే సున్నం రాలిన గోడలోకి చెమ్మ దిగినట్టు సబ్బు, దుమ్ము, పుప్పొడి, క్రిములు లోపలికి దిగుతాయి, లోపలి నీరు బయటికి పోతుంది. ఆ పదార్థాల్లో యూరోకానిక్ ఆమ్లం అని ఒకటుంది. దాని పేరు గుర్తుంచుకోండి, విటమిన్ డి దగ్గరికి వచ్చాక మళ్లీ దానితో పని పడుతుంది.

యూరోపియన్లలో పది మందిలో దాదాపు ఒకరికి ఫిలాగ్రిన్ మార్పు ఉంటుంది. వాళ్లలో చాలామందికి జన్మలో ఎగ్జిమా రాదు. ఎగ్జిమా ఉన్నవాళ్లలో ఎక్కువమందికి ఈ మార్పే ఉండదు. పైగా అక్కడ ఎక్కువగా కనిపించే ఆ రెండు మార్పులు మనవాళ్లలో అరుదు. ఒక్కో జనాభాలో ఈ జన్యువు ఒక్కో చోట దెబ్బతింటుంది. అందుకే యూరోపియన్ల మార్పులనే వెతికే కిట్‌లో మీకు "నెగటివ్" వస్తే దానికి పెద్ద అర్థం లేదు. ఇంటికి పంపే లాలాజలం కిట్లతో "మీ ఎగ్జిమా జీన్ రిపోర్ట్" అని అమ్మేవాళ్లకు డబ్బు కట్టొద్దు. ఫలితం ఏదొచ్చినా మీకు రాసే మందు మారదు.

కిట్ అక్కర్లేని పరీక్ష ఒకటుంది. మీ అరచేయి చూసుకోండి. బొటనవేలి కింది మెత్తటి భాగంలో సన్నటి గీతలు మామూలు కంటే ఎక్కువగా, లోతుగా, ముసలివాళ్ల చేతుల్లా ఉన్నాయా? జబ్బల మీద, తొడల మీద కోడి చర్మంలా గరుకు పొక్కులు ఉన్నాయా? చలికాలంలో ముంగాళ్ల మీద చర్మం చేప పొలుసులా పగులుతుందా? ఇవి ఉంటే ఫిలాగ్రిన్ లోటు ఉండే అవకాశం బాగా ఎక్కువ. మేం క్లినిక్‌లో అరచేయి తిప్పి చూసేది అందుకే. కొందరు జాతకం చూస్తున్నారేమో అనుకుని నవ్వుతుంటారు. నాన్నగారి అరచేతులు కూడా ఓసారి చూడండి. ఈ లోటు ఉన్నవాళ్లలో ఎగ్జిమా చిన్నప్పుడే మొదలవడం, పెద్దయ్యాక కూడా కొనసాగడం, ఎగ్జిమాతో పాటు ఆస్తమా రావడం ఎక్కువ.

ఫిలాగ్రిన్ ఒక్కటే కాదు. 2015లో పలు దేశాల వాళ్లు కలిసి చేసిన పెద్ద విశ్లేషణలో ఎగ్జిమాతో ముడిపడిన చోట్లు జన్యుపటంలో 31 తేలాయి. 2023 నాటికి యూరోపియన్ల సమాచారంలోనే అవి 81కి చేరాయి. వాటిలో చాలావరకు చర్మం పొరకు కాక, రోగనిరోధక వ్యవస్థకు సంబంధించినవి. ముఖ్యంగా ఐఎల్-4, ఐఎల్-13 అనే సంకేతాల దారి. ఆ దారిని మూసేసే డుపిలుమాబ్ ఇంజెక్షన్‌కు 2017లో అమెరికాలో అనుమతి వచ్చింది, తీవ్రమైన ఎగ్జిమా వైద్యాన్ని అది మార్చేసింది. జన్యువులో రాసి ఉన్నదాన్ని చెరపలేకపోయినా, అది నడిపించే దారిని ఆపవచ్చని దీనితో తేలింది. 2022లో అమెరికాలో ఎగ్జిమాకు అనుమతి వచ్చిన అబ్రోసిటినిబ్, ఉపాడాసిటినిబ్ మాత్రలూ ఇలాంటి సంకేతాల మీదే పనిచేస్తాయి. మీకు ఇవి అవసరమా లేదా అన్నది తర్వాతి మాట.

ఇక్కడ మనవైపు నుంచి తప్పకుండా వచ్చే ప్రశ్న మేనరికం. "మా అమ్మానాన్నలది మేనరికం, అందుకే వచ్చిందా?" అని అడుగుతారు. మామూలు ఎగ్జిమా అనేక జన్యువుల చిన్న చిన్న వాటాలతో వచ్చేది, ఫిలాగ్రిన్ మార్పు ఒక్క వైపు నుంచి వచ్చినా చాలు. కాబట్టి మేనరికాన్ని ఒక్కదాన్నే దోషిగా నిలబెట్టలేం. పుట్టినప్పటి నుంచీ ఒళ్లంతా పొలుసులతో ఉండే కొన్ని అరుదైన జబ్బుల్లో మాత్రం దాని పాత్ర నిజమే. మీది అది కాదు.

ఇక విటమిన్ డి. దీన్ని అనుమానించడానికి మంచి కారణాలే ఉన్నాయి. చర్మంలోనే తయారవుతుంది, చర్మంలోనే పనిచేస్తుంది. చర్మకణాలు క్యాథలిసిడిన్ అనే సొంత యాంటీబయాటిక్ లాంటి పదార్థాన్ని తయారుచేయడానికి విటమిన్ డి కావాలి. ఎగ్జిమా చర్మంలో ఆ పదార్థం సరిపోయినంత పుట్టదు. స్టెఫిలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా అక్కడ తిష్ఠ వేయడానికి అదీ ఒక కారణం. గోకగానే రసి కారి పసుపు రంగు చెక్కు కట్టేది చాలాసార్లు ఆ బ్యాక్టీరియా వల్లే. ఎగ్జిమా తీవ్రంగా ఉన్నవాళ్లలో రక్తంలో డి తక్కువగా ఉందని చాలా అధ్యయనాలు చెప్పాయి. ఇంతవరకూ విన్నవాళ్లు ఇక కారణం దొరికిందనే అనుకుంటారు.

కానీ ఏది ముందు, ఏది వెనుక? మెడ మీద మచ్చలున్నవాళ్లు ఎండలోకి రారు. వచ్చినా చున్నీ, ఫుల్ చేతులు. చెమట పడితే దురద పెరుగుతుందని మధ్యాహ్నం గడప దాటరు. పైగా మన ఇళ్లలో దురద అనగానే పథ్యం మొదలవుతుంది. వంకాయ, గోంగూరతో పాటు గుడ్డు, చేపలు కూడా మానేస్తారు. తిండిలో కాస్తో కూస్తో డి దొరికేదే గుడ్డు పచ్చసొనలో, కొవ్వున్న చేపల్లో. ఇన్ని చేశాక రిపోర్ట్‌లో 11 రాకపోతే ఆశ్చర్యపోవాలి. ఎక్కువకాలం సాగే మంట కూడా రక్తంలో ఆ అంకెను కిందికి లాగగలదు. అంటే మీ 11 మీ ఎగ్జిమాకు కారణం అయి ఉండొచ్చు, దాని ఫలితం అయినా అయి ఉండొచ్చు, రెంటితో సంబంధం లేకుండా మన ప్రాంతంలో అందరికీ ఉండే లోటు అయినా అయి ఉండొచ్చు.

మూడోదాన్ని తేలిగ్గా తీసుకోకండి. తిరుపతిలోని స్విమ్స్ ఆసుపత్రిలో డాక్టర్ హరినారాయణ్ బృందం ఆరోగ్యంగా ఉన్నవాళ్లనే పల్లెల్లోనూ పట్టణంలోనూ పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించింది. అంత ఎండ ఉండే చోట కూడా లోటు ఎక్కువగానే కనిపించింది, పల్లెవాళ్ల కంటే పట్టణం వాళ్లలో ఇంకా ఎక్కువ. మీ ఆఫీసులో మీ పక్క కుర్చీలో, చర్మం నిగనిగలాడుతూ ఉన్న మనిషికి పరీక్ష చేయిస్తే అతనికీ 13, 14 వచ్చినా నేను ఆశ్చర్యపోను.

సరే, మాత్రలిచ్చి చూసిన అధ్యయనాలు ఏం చెప్పాయి? మంగోలియాలో చేసింది నాకు బాగా నచ్చుతుంది. చలికాలంలో ఎగ్జిమా పెరిగే 107 మంది పిల్లలను తీసుకుని, కొందరికి రోజుకు 1000 ఐయూ (విటమిన్లను కొలిచే అంతర్జాతీయ యూనిట్లు) డి, మిగతావాళ్లకు ఉత్తుత్తి మందు, ఒక నెలపాటు ఇచ్చారు. తీవ్రత స్కోరు డి తీసుకున్నవాళ్లలో సగటున 6.5 తగ్గింది, మిగతావాళ్లలో 3.3. 2014లో వచ్చింది ఈ ఫలితం. ఇరాన్‌లో 60 మందికి రోజుకు 1600 ఐయూ చొప్పున రెండు నెలలు ఇచ్చిన చిన్న అధ్యయనంలోనూ మెరుగుదల కనిపించింది. తేడా చూపని అధ్యయనాలూ ఉన్నాయి. మంగోలియా చలికాలం అంటే నెలల తరబడి ఒంటికి ఎండ తగలని చలి. అక్కడి పిల్లలకు పనిచేసింది హైదరాబాద్‌లో పెద్దవాళ్లకు అంతే పనిచేస్తుందని నేను మాట ఇవ్వలేను. ఇంకోటి గమనించారా? ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్లకూ 3.3 తగ్గింది. ఎగ్జిమా తనంతట తాను తగ్గుతూ పెరుగుతూ ఉండే జబ్బు. "డి వేసుకున్నాను, నెలలో తగ్గింది" అని ఎవరైనా రాస్తే ఈ 3.3ను గుర్తు చేసుకోండి.

మీరడిగిన రెండు విషయాలూ, అంటే జన్యువులూ డీ, ఒకచోట కలిసే అధ్యయనం ఒకటుంది. రక్తంలో డి ఎంత ఉంటుందన్నది కొంతవరకు పుట్టుకతోనే నిర్ణయమవుతుంది. దాన్ని తయారుచేసే, మోసుకెళ్లే, విరిచేసే ప్రోటీన్ల జన్యువులు మనిషికీ మనిషికీ కొంచెం తేడాగా ఉంటాయి. ఎవరికి ఏది వస్తుందన్నది లాటరీ. ఎండలో తిరిగారా, చేపలు తిన్నారా, గోక్కుని ఇంట్లో కూర్చున్నారా అన్నవాటితో ఆ లాటరీకి సంబంధం లేదు. డి తక్కువవడమే ఎగ్జిమాకు కారణమైతే, పుట్టుకతో తక్కువ డి రాసిపెట్టి ఉన్నవాళ్లలో ఎగ్జిమా ఎక్కువ ఉండాలి. 2017లో కెనడా పరిశోధకుల నాయకత్వంలో వేలాది మంది సమాచారంతో ఈ లెక్క చూశారు. ఎగ్జిమాలో గానీ, ఆస్తమాలో గానీ అలాంటి సంబంధం కనిపించలేదు. ఆ సమాచారం ప్రధానంగా యూరోపియన్లది, మామూలు హెచ్చుతగ్గుల గురించి చెప్పేది. 11 లాంటి గట్టి లోటు గురించి అది పూర్తిగా తేల్చదు. అందుకే తక్కువ ఉన్నవాళ్లకు నేను డి రాయడం మానలేదు. దాని మీద ఆశ పెట్టుకోవడం మాత్రం తగ్గించాను.

ఇప్పుడు యూరోకానిక్ ఆమ్లం దగ్గరికి వద్దాం. ఫిలాగ్రిన్ విరిగితే పుట్టే ఈ పదార్థం ఎండలోని యూవీ-బి కిరణాలను పీల్చుకుంటుంది, చర్మానికి సహజమైన సన్‌స్క్రీన్ అన్నమాట. చర్మంలో విటమిన్ డి తయారయ్యేదీ ఆ కిరణాలతోనే. ఫిలాగ్రిన్ మార్పు ఉన్నవాళ్లలో ఈ తెర పలచబడి కిరణాలు ఎక్కువ లోపలికి వెళతాయి. డెన్మార్క్, జర్మనీల్లో చూస్తే అలాంటివాళ్ల రక్తంలో డి మిగతావాళ్ల కంటే దాదాపు 10 శాతం ఎక్కువే ఉంది! అంటే ఎగ్జిమా ముప్పు అందరికంటే ఎక్కువ ఉన్న గుంపులోనే డి కూడా ఎక్కువ. డి లోటే మూలమైతే ఈ లెక్క తిరగబడి ఉండాలి. ఉత్తరాది దేశాల్లో ఎండ తక్కువ కాబట్టి ఈ మార్పు అక్కడ డి పరంగా మేలు చేసి నిలిచిపోయిందేమో అని కొందరు ఊహిస్తున్నారు. అది ఊహే, కానీ సరదాగా ఉంటుంది.

దీన్ని మించిన విచిత్రం ఇంకోటి. సొరియాసిస్‌కు వాడే కాల్సిపోట్రయాల్ అనే ఆయింట్‌మెంట్ ఉంది, అది విటమిన్ డి జాతి మందే. ప్రయోగశాలల్లో ఎలుకలకు ఎగ్జిమా తెప్పించాలంటే వాటి చెవికి పూసేది దాన్నే. ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్ శాస్త్రవేత్తలు 2006లో దాని విధానాన్ని వివరించారు. అప్పటి నుంచి అనేక దేశాల్లో ఆ పద్ధతే వాడుతున్నారు. నోటితో తీసుకునే డి అలా చేస్తుందని కాదు. "విటమిన్ డి చర్మానికి మంచిదట కదా" అని మెడికల్ షాపులో ఆ ఆయింట్‌మెంట్ కొని కనురెప్పలకు రాసుకోవద్దని చెప్పడానికే ఇది రాశాను.

వీడీఆర్ అని విటమిన్ డి రిసెప్టర్ జన్యువు మీద కూడా చాలా పేపర్లు వచ్చాయి. ఒక దేశంలో సంబంధం ఉందంటారు, ఇంకో దేశంలో లేదంటారు. రోగికి చెప్పేంత విషయం అందులో ఇంకా లేదు.

ఎండ గురించి కాస్త ఎక్కువ రాయాలి, ఎందుకంటే ఇక్కడ అపోహలు ఎక్కువ. పొద్దున్నే లేత ఎండలో నిలబడితే డి వస్తుందని మనందరికీ నూరిపోశారు. లేత ఎండలో యూవీ-బి దాదాపు ఉండదు. తిరుపతిలోనే చేసిన కొలతల్లో ఉదయం 11 నుంచి మధ్యాహ్నం 2 మధ్యే డి బాగా తయారవుతుందని తేలింది. మన చర్మం రంగుకు తెల్లవాళ్ల కంటే ఎక్కువసేపు ఎండ కావాలి. అద్దంలోంచి పడే ఎండ ఎంత పడినా లాభం లేదు, యూవీ-బి అద్దం దాటదు. ఎగ్జిమా ఉన్న మనిషిని మే నెలలో ఆ వేళకు మేడ మీద నిలబెట్టడం నాకు ఇష్టం ఉండదు. చెమటతో దురద రెట్టింపవుతుంది. మీకు మాత్ర చవక, సులువు.

"మరి బీచ్‌కి వెళ్లొస్తే నాకు తగ్గుతుంది కదా" అనేవాళ్లున్నారు. నిజంగానే తగ్గుతుంది. అల్ట్రావయొలెట్ కిరణాలు చర్మంలోని మంటను నేరుగా అణుస్తాయి. ఆసుపత్రుల్లో ఇచ్చే నారోబ్యాండ్ యూవీ-బి చికిత్స ఆ సూత్రం మీదే నడుస్తుంది. దానివల్ల రక్తంలో డి కూడా పెరుగుతుంది. రెండూ ఒకేసారి జరిగేసరికి మేలంతా డి ఖాతాలో పడిపోతుంది.

ఎండ జోలికి అసలు వెళ్లకూడని వాళ్లు కూడా మన దగ్గర ఉన్నారు. మీకు మెడ, కనురెప్పల మీద వచ్చిందన్నారు కాబట్టి ఇది జాగ్రత్తగా చదవండి. వయ్యారిభామ మొక్క ఖాళీ స్థలాల్లో, రోడ్ల పక్కన, రైలు పట్టాల వెంట ఎక్కడ చూసినా ఉంటుంది. దాని ఎండిన పొడి గాలిలో ఎగిరి బట్టలు కప్పని చోట పడితే కనురెప్పలు, మెడ, మోచేతి మడతలు మందంగా నల్లబడి విపరీతంగా దురద పెడతాయి. చూడటానికి అచ్చం పెద్దవాళ్ల ఎగ్జిమా. ఏళ్లు గడిచేకొద్దీ కొందరికి ఎండే పడకుండా పోతుంది. అలాంటివాళ్లకు "డి తక్కువ, ఎండలో నిలబడండి" అని సలహా ఇస్తే ముఖం వాచి వస్తారు. పొలాలకు వెళ్లేవాళ్లలో, శివారు కాలనీల్లో కొత్తగా ఇల్లు కట్టుకున్నవాళ్లలో దీన్ని తప్పక అనుమానించాలి.

నిజానికి మీ ప్రశ్నలో నన్ను ఆపింది డి అంకె కాదు, ఆ చోట్లు. చిన్నప్పుడు మడతల్లో ఉండి, ఇప్పుడు కనురెప్పలు, మెడ, చేతులకు మారిందంటే పాత ఎగ్జిమాకు తోడు చర్మానికి తగిలే ఏదో వస్తువు కొత్తగా పడకపోవడం, అంటే అలర్జీ, కలిసి ఉండొచ్చు. కనురెప్పల మీది ఎగ్జిమాకు గోళ్ల రంగు కారణమై ఉండటం చాలా మామూలు, చేత్తో కళ్లు తాకుతాం కదా. హెయిర్ డైలోని పీపీడీ అనే రసాయనం, పెర్ఫ్యూమ్, గిల్టు నగల్లోని నికెల్, గిన్నెలు తోమే సబ్బు, వెల్లుల్లి ఒలవడం... ఇవన్నీ చూడాలి. దేనికి అలర్జీయో తేల్చడానికి ప్యాచ్ టెస్ట్ అని వీపు మీద చిన్న చిన్న ప్యాచ్‌లు అంటించి రెండు రోజులకు తీసి, ఆ తర్వాత కూడా మళ్లీ చదువుతారు. రక్తంలో ఐజీఈ అనే అలర్జీ పరీక్షల ప్యాకేజీ దీనికి బదులు కాదు. జన్యుపరీక్షకు పెట్టాలనుకున్న డబ్బు ఉంటే ప్యాచ్ టెస్ట్‌కు పెట్టండి. చేతుల మీద గుండ్రంగా, అంచు మాత్రం ఎర్రగా పాకుతూ ఉన్నది ఏదైనా ఉంటే ముందు ఫంగస్ కాదని తేల్చుకోండి. ఇంట్లో ఇంకెవరికైనా రాత్రిళ్లు దురద ఉంటే గజ్జి కాదని కూడా.

మరి ఏం చేయాలి? డి సంగతి మొదట. ఇక్కడ మామూలుగా 60,000 ఐయూ పొడి ప్యాకెట్ గానీ క్యాప్సూల్ గానీ వారానికొకటి చొప్పున ఎనిమిది వారాలు రాస్తారు, ఆ తర్వాత నిలబెట్టడానికి తక్కువ మోతాదు. పాలలో గానీ భోజనం తర్వాత గానీ తీసుకుంటే బాగా ఒంటబడుతుంది. వారానికొకటి అన్నదాన్ని రోజుకొకటి అనుకుని వేసుకుని వాంతులు, విపరీతమైన దాహం, కిడ్నీ దెబ్బతో ఆసుపత్రిలో చేరేవాళ్లు ఉంటారు, కాబట్టి చీటీ మీద రాసింది మళ్లీ చదవండి. ఎగ్జిమా తగ్గలేదని మోతాదు పెంచుకుంటూ పోవద్దు. లోటు తీరాక ఇంకా పోస్తే చర్మానికి అదనంగా మేలు జరుగుతుందనడానికి ఆధారం లేదు. కోర్సు అయ్యాక ఒకసారి పరీక్ష చాలు. నెలనెలా అక్కర్లేదు. గుడ్డు, చేప మీకు నిజంగా పడకపోతే తప్ప మళ్లీ మొదలుపెట్టండి. వంకాయ మీ ఇష్టం.

చర్మం సంగతికి వస్తే, జన్యువుల వల్ల తగ్గిన పొరను బయటి నుంచి పూడ్చడమే అసలు పని. వాసన లేని, చిక్కటి మాయిశ్చరైజర్ స్నానం అయిన రెండు మూడు నిమిషాల్లో, ఇంకా తడి ఆరకముందే రాయాలి. ఒళ్లంతా వాడే పెద్ద మనిషికి వారానికి పావు కిలో దాకా పడుతుంది. 50 గ్రాముల ట్యూబు మూడు నెలలు వచ్చిందంటే వాడనట్టే లెక్క. ఖరీదైన బ్రాండ్ అక్కర్లేదు. కొబ్బరినూనె చాలామందికి పడుతుంది. ఆలివ్ నూనె మాత్రం పైపొరను బలహీనపరుస్తుందని తేలింది, దాని జోలికి వెళ్లొద్దు. నలుగు పెట్టి రుద్దడం, బాగా వేడినీళ్లు మానేయండి. హైదరాబాద్ బోరునీళ్ల గురించి అందరూ అడుగుతారు. ఇంగ్లండ్‌లో 336 మంది పిల్లల ఇళ్లలో నీటి కఠినత్వాన్ని తగ్గించే యంత్రాలు పెట్టి చూశారు, ఎగ్జిమాలో తేడా రాలేదు. అంత ఖర్చు పెట్టే ముందు సబ్బు మార్చి చూడండి.

మంట ఉన్నప్పుడు స్టెరాయిడ్ క్రీము వాడాలి. భయపడి చిటికెడు రాస్తే రోజులు సాగుతాయి గానీ తగ్గదు. చూపుడువేలి కొస నుంచి మొదటి గీత వరకు పిండిన క్రీము, దాదాపు అర గ్రాము, రెండు అరచేతులంత వైశాల్యానికి సరిపోతుంది. కనురెప్పల మీద మాత్రం గాఢమైన స్టెరాయిడ్ వద్దే వద్దు, కంటిలో ఒత్తిడి పెరగొచ్చు. అక్కడికి స్టెరాయిడ్ కాని టాక్రోలిమస్ ఆయింట్‌మెంట్ మేలు. మొదటి కొన్ని రోజులు మండుతుంది, తర్వాత అలవాటవుతుంది. తగ్గాక కూడా ఎప్పుడూ వచ్చే చోట్ల వారానికి రెండుసార్లు రాస్తూ ఉంటే తిరగబెట్టడం తగ్గుతుంది. షాపులో ఇచ్చే స్టెరాయిడ్, యాంటీబయాటిక్, ఫంగస్ మందు మూడూ కలిపిన క్రీములు కొనకండి. మన రాష్ట్రాల్లో చర్మాలను పాడుచేస్తున్నవాటిలో వాటికే నేను మొదటి స్థానం ఇస్తాను. ఇవన్నీ సరిగ్గా రెండు మూడు నెలలు చేసినా నిద్ర పట్టనంత దురద ఉంటే అప్పుడు ఫోటోథెరపీ (యూవీ కిరణాల చికిత్స), మాత్రలు, డుపిలుమాబ్ లాంటివాటి గురించి మాట్లాడుకోవాలి.

ఇక బిడ్డ విషయం. మీకు ఎగ్జిమా, మీ నాన్నగారికి ఆస్తమా ఉన్నాయి కాబట్టి ముప్పు మామూలు కంటే ఎక్కువే. అయినా రాకపోవచ్చు కూడా. గర్భంలో డి గురించి ఇంగ్లండ్‌లో మంచి అధ్యయనం జరిగింది. గర్భిణులకు దాదాపు 14వ వారం నుంచి కాన్పు దాకా రోజుకు 1000 ఐయూ ఇచ్చారు. ఆ పిల్లల్లో మొదటి ఏడాదికి ఎగ్జిమా తక్కువగా కనిపించింది. రెండేళ్లకు, నాలుగేళ్లకు చూస్తే ఆ తేడా నిలవలేదు. అంటే డి మీద కాస్త ఆశ పెట్టుకోదగ్గ చోటు ఏదైనా ఉంటే అది ఇదే, అదీ పరిమితంగానే. మీ గైనకాలజిస్ట్ ఎలాగూ డి రాస్తారు, వేసుకోండి. పుట్టాక రోజూ మాయిశ్చరైజర్ రాస్తే ఎగ్జిమా రాకుండా ఆపవచ్చేమోనని బ్రిటన్‌లో 1394 మంది శిశువుల్లో చూశారు, ఆపలేదని 2020లో తేలింది. వచ్చాక మాత్రం ఆ మాయిశ్చరైజరే మొదటి మందు.

మీరు గర్భం కోసం ప్రయత్నం మొదలుపెట్టే ముందే డెర్మటాలజిస్ట్‌కు ఆ సంగతి చెప్పండి. రోగనిరోధక వ్యవస్థను అణిచే మెథోట్రెక్సేట్, మైకోఫెనొలేట్, ఇందాక చెప్పిన కొత్త మాత్రలు (అబ్రోసిటినిబ్, ఉపాడాసిటినిబ్) గర్భంలో వాడకూడదు, కొన్నింటిని చాలా ముందుగానే ఆపాలి. మాయిశ్చరైజర్లు, మధ్యస్థ స్థాయి దాకా స్టెరాయిడ్ క్రీములు, నారోబ్యాండ్ యూవీ-బి గర్భంలో వాడుకోవచ్చు. ఫోటోథెరపీ తీసుకుంటే ఫోలిక్ యాసిడ్ అస్సలు మానకండి, ఆ కిరణాలకు శరీరంలో ఫోలేట్ తగ్గుతుంది. గర్భంలో కొందరికి ఎగ్జిమా పెరుగుతుంది, ప్రయత్నం మొదలుపెట్టేలోపే కనురెప్పల సంగతి ప్యాచ్ టెస్ట్‌తో తేల్చుకుంటే మంచిది. అపాయింట్‌మెంట్‌కు వెళ్లేటప్పుడు గోళ్ల రంగు, కాటుక, హెయిర్ డై, ముఖానికి రాసేవి, గిన్నెల సబ్బు పేరు, ఇప్పటిదాకా వాడిన ట్యూబులన్నీ ఒక సంచీలో వేసుకుని వెళ్లండి. వీపుకు ప్యాచ్‌లు అంటించే ముందు కనీసం వారం రోజులు అక్కడ స్టెరాయిడ్ క్రీము రాయకండి, స్టెరాయిడ్ మాత్రలు ఏమైనా వాడుతుంటే ఆ మాట ముందే చెప్పండి.